ఆకుతోటలోకి బూట్లెక్కి వచ్చిన తీగ

ఎందుకు రాస్తున్నానంటే

తోటల అధికారులుగా కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పిల్లలకు పనికొచ్చేలా ఏదైనా రాసిమ్మని మా పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నా రిటైర్మెంటు సభలో నాకు కప్పాల్సిన శాలువాను పొరపాటున ముఖ్య అతిథికి కప్పి, చప్పట్లు కొట్టి, తప్పు తెలుసుకున్నాక అదే శాలువాను ఆయన భుజాల మీంచి తీసి నాకు కప్పింది కూడా వీళ్ళే. అది ఇప్పటికీ మడత విప్పకుండా బీరువాలో ఉంది. అయినా రాస్తున్నాను. కొత్తగా చేరే పిల్లలు నన్నేం చేశారు పాపం.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు రావలసినవి ఎప్పుడు వచ్చాయో, ఎవరెవరి తర్వాత వచ్చాయో రాయడం మొదలుపెడితే అదే ఒక పుస్తకం అవుతుంది. ఫైళ్ళ గురించి కూడా రాయను. అవి ఎవరూ నేర్పకుండానే మీకు అలవాటైపోతాయి. ఈ ఉద్యోగంలో మొక్కల జబ్బులు గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. ఆ జబ్బును మోసుకొస్తున్న మనిషికి ఆ సంగతి చెప్పడం కష్టం. అది నాకు నేర్పింది ఒక ఫెర్న్ మొక్క, ఒక తమలపాకు తోట, మా పెద్ద సారు బూట్లు. వాటి గురించే రాస్తాను.

గోడౌన్ అన్న మాట

విజయవాడలో మా ఆఫీసు వెనక, కాలవ గట్టును ఆనుకుని, చిన్న నర్సరీ ఉండేది. పైన పచ్చటి వల, కింద ఎప్పుడూ నీటి తుంపర. రైతులకిచ్చే జామ, నిమ్మ, మామిడి అంట్లు అక్కడ పెంచేవాళ్ళం. మురళీధర్ గారు మాకు పై అధికారిగా వచ్చిన మొదటి వారంలోనే నర్సరీ అంతా తిరిగి చూసి, "ఇదేంటి మేడం, గోడౌన్‌లా ఉంది" అన్నారు. నేను పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో. మా ఇంటికి అటు మిరపకాయల గోడౌను, ఇటు బెల్లం గోడౌను. గోడౌన్‌లా ఉండటంలో తప్పేముందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మురళీధర్ గారు చెడ్డవారు కాదు. నవ్వుతూ మాట్లాడతారు, లంచం ముట్టరు, అటెండర్‌ను కూడా గారు అని పిలుస్తారు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, అందం. ఎక్కడో కొండల్లో ఒక గెస్ట్‌హౌస్ వరండాకు అల్లుకుని ఉన్న మొక్కను చూసి ముచ్చటపడి, దాన్ని కుండీలో పెట్టి కారులో తెచ్చారు. నర్సరీ కంచె పక్కన పాతించారు. ఆకులు చేత్తో అల్లిన లేసులా సన్నగా, తేలిగ్గా, లేతాకుపచ్చ రంగులో ఉండేవి. మా వాళ్ళు దానికి లేసు తీగ అని పేరు పెట్టేశారు.

నేను మొదటి రోజే చెప్పాను. "సార్, ఇది ఎగబాకే ఫెర్న్. నీడా తడీ ఉన్న చోట దీన్ని వదిలితే మళ్ళీ పట్టుకోలేం. మన అంట్లతో పాటు రైతుల తోటలకు పోతుంది."

"మీకు అందమంటే పడదా మేడం?" అన్నారాయన.

ఆఫీసంతా నవ్వింది. నవ్విన వాళ్ళ పేర్లు రాయను. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు.

తీగ కాని తీగ

ఈ మొక్క గురించి మీరు కాలేజీలో చదివే ఉంటారు. పరీక్ష రాసిన సాయంత్రం మరిచిపోయి కూడా ఉంటారు. కాబట్టి మళ్ళీ చెబుతాను.

మనం తీగ అంటాం గానీ అది తీగ కాదు. కంచె మీదికి, చెట్టు మీదికి పాకుతూ పోయేదంతా కలిపి ఒకే ఒక్క ఆకు. మామూలు ఆకు ఒక పొడవుకు వచ్చాక పెరగడం ఆపేస్తుంది. దీని ఈనెకు ఆ బుద్ధి లేదు. చివర మొగ్గ పెరుగుతూనే ఉంటుంది, దొరికిన ఊతాన్ని చుట్టుకుంటూ పైకి పోతూనే ఉంటుంది. ఆ ఈనెకు అటూ ఇటూ మనకు ఆకుల్లా కనిపించేవి ఆ పెద్ద ఆకులో ముక్కలు మాత్రమే. అసలు కాండం నేలలో దాక్కుని ఉంటుంది. నల్లగా, సన్నగా, తుప్పు పట్టిన ఇనప తీగ ముక్కలా ఉంటుంది. అందుకే పైన కోసి చేతులు దులుపుకుంటే మీరు కోసింది ఒక ఆకునే అవుతుంది. కింద కాండం ఇంకొన్ని ఆకులను పంపిస్తుంది.

పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. ముదిరిన ఆకు ముక్కల అంచున సన్నటి కుచ్చులా, చేతి వేళ్ళలాంటి చిన్న చిన్న కొసలు వస్తాయి. వాటి అడుగున గోధుమ రంగు దుమ్ము ఉంటుంది. పుస్తకాల్లో సిద్ధబీజాలు అంటారు. గాలికి పోతాయి, బట్టలకు అంటుకుంటాయి, బురదతో కలిసి కొడవలికీ పారకూ చెప్పులకూ పట్టుకుంటాయి. తడి నేల మీద పడిన ఒక్క రేణువు, చిటికెన వేలి గోరు కన్నా చిన్నదిగా, హృదయం ఆకారంలో పల్చటి పచ్చటి పొరలా మొలుస్తుంది. చూసినవాళ్ళు నాచు అనుకుని దాటిపోతారు. ఆ పొరలోంచే కొత్త ఫెర్న్ పుడుతుంది. దానికి జత వెతుక్కోవలసిన అవసరం కూడా లేదు, ఆడా మగా రెండూ అందులోనే ఉంటాయి. మా అమ్మాయి సంబంధాల కోసం నేను తిరిగిన తిరుగుడు గుర్తొచ్చినప్పుడల్లా ఈ మొక్క మీద నాకు కొంచెం అసూయ కలుగుతుంది.

ఇంకొక గుణం ఉంది. ఎండిన ఆకులు రాలవు. చెట్టుకు గోధుమ రంగు పావడా కట్టినట్టు వేలాడుతూనే ఉంటాయి. కొత్త ఆకులు ఆ ఎండిన వాటినే మెట్లుగా చేసుకుని ఎక్కుతాయి. నిప్పు పడితే అది కూడా ఆ మెట్ల మీదుగానే ఎక్కుతుంది.

ఇవన్నీ నేను మురళీధర్ గారికి వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మీరు లెక్చరర్‌గా వెళ్ళాల్సింది మేడం" అన్నారు. మెచ్చుకున్నారని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

చెప్పులు విప్పే గట్టు

కంకిపాడు దాటాక, కాలవ వెంట లోపలికి పోతే కోటేశ్వరరావు గారి ఆకుతోట ఉంది. తమలపాకు తోటను మా వైపు ఆకుతోట అనే అంటారు. వరసలుగా అవిసె చెట్లు, ఒక్కో చెట్టుకు జమ్ము గడ్డి పోచలతో కట్టిన తమలపాకు తీగ, వరసల మధ్య సన్నటి నీటి కాలవలు. ఎండలో నడిచి వచ్చి లోపల అడుగు పెడితే చల్లగా, చీకటిగా, తడివాసనతో ఉంటుంది. తమలపాకుకు కావలసింది అదే. ఫెర్నుకు కావలసిందీ అదే.

ఆకుతోటలోకి చెప్పులతో ఎవరూ వెళ్ళరు. గట్టు మీద విప్పి, కాళ్ళు కడుక్కుని దిగాలి. ఆకు లక్ష్మి అని, మైల తగిలితే తోట ఎండిపోతుందని వాళ్ళ నమ్మకం. దాని గురించి నేను వాదించను. కారణం ఏదైనా, కాళ్ళు కడుక్కుని వచ్చే మనిషి బయటి బురదను లోపలికి తీసుకురాడు. నా చెప్పులు ఆ గట్టు మీద కొన్ని ఏళ్ళపాటు ఎండకు ఎండాయి, ఒకసారి కుక్క కూడా ఎత్తుకుపోయింది. నేను ఎప్పుడూ ఏమీ అనలేదు. అంటే, వాళ్ళతో అనలేదు.

మురళీధర్ గారు ఒకసారి ఆకుతోట చూడాలని ముచ్చటపడ్డారు. ఆ ఉదయం బయల్దేరే ముందు నర్సరీలో లేసు తీగ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. అప్పటికి అది కంచె నిండా అల్లుకుని, ఆకు అంచులకు గోధుమ రంగు కుచ్చు పట్టి ఉంది. ఆయన దాని పక్కకు జరిగారు, దాని కిందికి వంగారు, తడి మట్టిలో అటూ ఇటూ తొక్కారు. తర్వాత జీపెక్కారు. ముందు సీట్లో ఆయన, ఆయన పక్కన ఆయన బ్యాగు. వెనక సీట్లో నేను, నా ఒళ్ళో ఆయన ఫైళ్ళ కట్ట.

గట్టు దగ్గర కోటేశ్వరరావు గారు పూలదండతో నిలబడి ఉన్నారు. ఆయన భార్య భ్రమరాంబ గారు నీళ్ళ చెంబు పట్టుకుని ఉన్నారు. నేను అలవాటుగా చెప్పులు విప్పాను. మురళీధర్ గారు తన బూట్ల వైపు చూసుకున్నారు. వాటికి లేసులున్నాయి. ఆ లేసులు విప్పాలంటే వంగాలి.

"అయ్యో, పర్లేదండీ. మీరు అట్టాగే రండి" అన్నారు కోటేశ్వరరావు గారు.

నాకు ఒళ్ళు మండింది. "కోటేశ్వరరావు గారూ, నన్ను ఒక్కసారి కూడా అట్టాగే రమ్మనలేదే."

"మీరంటే మా ఇంటి మనిషండీ" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

నా ఉద్యోగమంతా ఈ మాటతోనే గడిచింది. టీ తక్కువైతే నాకు ఆగుతుంది, ఎందుకంటే మేడం మన మనిషి. కుర్చీ చాలకపోతే నేను నిలబడతాను, మేడం ఏమీ అనుకోరు. మేడం అన్నీ అనుకుంటుందని ఎవరికీ తోచలేదు.

"సార్, బూట్లకు నర్సరీ మట్టి ఉంది. విప్పకపోతే పోనీ, కనీసం కడుక్కోండి" అన్నాను.

"మేడం, మనం రైతు తోటకు వచ్చాం, ఆపరేషన్ థియేటర్‌కి కాదు" అని నవ్వుతూ గట్టు దిగారు.

భ్రమరాంబ గారు భర్తను ఏమీ అనలేక ఆ కోపమంతా నా కాళ్ళ మీద చూపించారు. చెంబు తర్వాత చెంబు కుమ్మరించారు. "ఈయన మర్యాద చూశారా మేడం గారూ. నేను చెప్పులతో వసారా ఎక్కితే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆఫీసరు గారు బూట్లతో తోటలోకి వస్తే దండేశాడు" అని గొణుగుతూనే ఉన్నారు.

మురళీధర్ గారు నడుమ దారి వెంట నడిచి, అవిసె నీడలో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగి, కాలు మీద కాలు వేసుకుని బూటు ఆడిస్తూ చాలాసేపు మాట్లాడారు. నాకు కుర్చీ లేదు. అందుకే ఆ బూటు ఎక్కడెక్కడ ఆనిందో నాకు బాగా గుర్తు.

కుర్చీ వేసిన చోట

మరుసటి వానాకాలం కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. "మేడం గారూ, మా తోటలో ఏదో ముచ్చటైన తీగొచ్చిందండీ. లేసు అల్లినట్టుంది. ఉంచమంటారా, పీకమంటారా?"

స్కూటర్ మీద వెళ్ళాను. దారి వెంట అక్కడొకటి ఇక్కడొకటి, కుర్చీ వేసిన చోట మాత్రం గుంపుగా, అవిసె మొదళ్ళను చుట్టుకుని తమలపాకుతో పోటీగా ఎక్కుతోంది. మిగతా తోటంతా వెతికాను, ఎక్కడా లేదు. శాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ దుమ్ము గాలికి కూడా రావచ్చు, బూట్లతోనే వచ్చిందని కోర్టులో నిరూపించలేను. కానీ గాలి నడుమ దారి వెంటే నడిచి, నీడ చూసుకుని కుర్చీలో కూర్చుంటుందని నేను ఎక్కడా చదవలేదు.

ఆ మాటే అంటే కోటేశ్వరరావు గారు నొచ్చుకున్నారు. అతిథిని అనడం ఆయనకు ఇష్టం లేదు. "ఆ రోజు మీరూ వచ్చారుగా అండీ. ఆ తీగ పక్కన మీరూ నిలబడే ఉంటారుగా. మీ చీర కుచ్చెళ్ళకి అంటుకుందేమో" అన్నారు.

ఇది నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

భ్రమరాంబ గారే అడ్డుపడ్డారు. "ఊరుకోవయ్యా. ఆవిడ కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిపి పిండాను. కోపం మీదున్నా ఆ రోజు."

తర్వాత ఆవిడ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. "ఇది తోటంతా అల్లుకుంటే ఏమవుద్దండీ?"

దాచలేదు. తమలపాకుకు వెలుతురు అందదని, ఆకు చిన్నదై పసుపు పడుతుందని, చివరికి అవిసె చెట్లతో సహా అంతా తీసేసి, ఆ నేలలో ఆకు మాట మరిచిపోవాల్సి వస్తుందని చెప్పాను.

"ఈయనకి ఆకు పని తప్ప ఇంకో పని రాదండీ. వరి చెయ్యడు, చేపల చెరువుల జోలికి పోడు. తోట పోతే ఇంట్లో కూచుని నన్ను కోస్తాడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు కాళ్ళు కడగడానికి తెచ్చిన చెంబు నీళ్ళు చూసుకోకుండా తమలపాకు మొదట్లో పోసేశారు. అది చూశాకే, ఈ తీగ సంగతి నేను తేల్చాలనుకున్నాను.

మందు కాదు, మోకాళ్ళు

పిల్లలూ, ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మిగతాది నా గోడు, ఇది మీ పని.

నేను వద్దంటున్నా వినకుండా పక్క తోటవాళ్ళ సలహాతో కోటేశ్వరరావు గారు ముందు కొడవలి పట్టారు. తలలు కోసి గట్టు మీద పారేశారు. కోసినప్పుడల్లా ఎండిన ముక్కల దుమ్ము కింద రాలింది. నెల తిరిగేసరికి ఒక్క మొదలు ఉన్న చోట గుప్పెడు మొలకలు వచ్చాయి.

మురళీధర్ గారికి చెబితే, "కలుపు మందు కొట్టించండి మేడం, అంత ఆలోచన దేనికి" అన్నారు.

"సార్, తమలపాకును మనుషులు పచ్చిగానే నములుతారు. పైగా ఫెర్ను ఏదో, తమలపాకు ఏదో ఆ మందుకు తెలియదు. రెండూ పోతాయి."

"మీరు ప్రతిదానికీ అడ్డం చెబుతారు."

"మీరు ప్రతిసారీ అడ్డం చెప్పాల్సినవే చెబుతారు సార్" అందామనుకుని, అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

చేతులతోనే తీశాం. తీగ లేని వైపు నుంచి మొదలుపెట్టి తీగ ఉన్న వైపుకు పోవాలి. ఎదురు దిశలో నడిస్తే మీరే విత్తనం చల్లిన వాళ్ళవుతారు. అంచులకు గోధుమ రంగు కుచ్చు పట్టిన ఆకులను ముందు నీళ్ళతో తడిపి, మెల్లగా సంచిలోకి దించి మూతి కట్టాలి. ఆ తర్వాతే మిగతావి ముట్టుకోవాలి. మట్టిని గునపంతో వదులు చేసి, నల్లటి కాండాన్ని తెగకుండా మొత్తం లాగాలి. తెగిందా, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. పని అయ్యాక కొడవళ్ళు, పారలు, కాళ్ళు, బట్టలు అక్కడికక్కడే కడగాలి. ఇదంతా అయ్యాక కూడా ప్రతి వానకూ వెళ్ళి, తడి నేల మీద ఆ గోరంత పచ్చ పొరల కోసం వెతకాలి. నాచుకూ దానికీ తేడా మొదట్లో నాకూ తెలిసేది కాదు. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ గీకేశాను. తేడా తెలిసే సమయానికి నా మోకాళ్ళు పోయాయి.

కుర్చీ వేసిన చోట చుట్టూ ఉన్న వరసలను మాత్రం దక్కించుకోలేకపోయాం. మొదళ్ళ మధ్య ఆ నల్ల కాండం అల్లుకుపోయింది. అవిసె చెట్లు నరికి, తమలపాకు తీగ తీసేసి, మట్టి తిరగెయ్యమన్నాను.

కోటేశ్వరరావు గారు ఒప్పుకోలేదు. "కోతకొచ్చిన ఆకండీ అది. చూస్తా చూస్తా ఎట్టా పీకమంటారు?"

"ఈ వరసలు పోతే తోట ఉంటుంది. ఈ వరసలు ఉంటే తోట ఉండదు."

ఆయన నా వైపు చూడకుండా కొడవలి భార్య చేతికిచ్చి ఇంటికి వెళ్ళిపోయారు. మొదటి చెట్టు భ్రమరాంబ గారే నరికారు. ఆ తర్వాత ఆ వానాకాలమంతా నేను వెళ్ళినప్పుడల్లా కోటేశ్వరరావు గారు కూలీలందరికీ మజ్జిగ పోసి, నా దగ్గరకు వచ్చేసరికి చెంబు ఖాళీ చేసేవారు. ఇంటి మనిషిని కదా.

ఈలోపు ఒక ఎండాకాలం మా నర్సరీలో ఎవరో పారేసిన బీడీ ముక్క లేసు తీగ ఎండుటాకులకు అంటుకుంది. మంట ఆ పావడా పట్టుకుని పైకి పోయి పచ్చటి వలను తినేసింది. మనుషులకు ఏమీ కాలేదు. మర్నాడు మురళీధర్ గారు ఆ బూడిద ముందు నిలబడి, "అసలు ఈ తీగ ఇక్కడ ఎవరు పెట్టించారు?" అని అడిగారు. అందరూ నా వైపు చూశారు. దాని గురించి ఎక్కువగా మాట్లాడేది నేనే కాబట్టి, దానికి నేనే సొంతదారునని అందరికీ ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది.

తీగ పీకించారు. మట్టి మాత్రం అలాగే ఉంది. నీళ్ళు తగిలిన ప్రతిసారీ అందులోంచి మొలుస్తూనే ఉంది.

రెండోసారి

ఒక వానాకాలం పూర్తిగా గడిచింది. ఆకుతోటలో ఒక్క మొలక కూడా కనపడలేదు. ఖాళీ అయిన వరసల్లో కొత్త అవిసె నాటారు, కొత్త తమలపాకు తీగ మొదటి కట్టు దాకా పాకింది. మందు చుక్క వాడకుండా తోట నిలబడిందని మురళీధర్ గారి చెవిన పడింది. పేపరు వాళ్ళను తీసుకుని చూడటానికి వస్తున్నామని ఫోన్ చేశారు. దారిలో నర్సరీలో ఆగి, కొత్త వల కూడా వాళ్ళకు చూపిస్తారట.

నేను ముందురోజే కంకిపాడు వెళ్ళాను. "ఈసారి బూట్లు విప్పమని మీరే చెప్పాలి. నేను చెబితే వినరు" అన్నాను.

"ఎట్టా చెప్పమంటారండీ? అంత పెద్దమనిషి మన గట్టు దాకా వస్తే, కాళ్ళవి విప్పు అనా?" అన్నారు కోటేశ్వరరావు గారు.

"నేను చెప్తాలే" అన్నారు భ్రమరాంబ గారు.

"నువ్వు చెప్తే ఆయనింకెప్పుడూ ఈ ఊరు రాడు."

"రాకపోతే మంచిదేగా."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కాలవ వైపు వెళ్ళిపోయారు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదని మర్నాడు ఆవిడ నాతో చెప్పారు.

జీపు వచ్చింది. మురళీధర్ గారు దిగారు. బూట్ల అంచులకు నర్సరీ మట్టి తడితడిగా మెరుస్తోంది. వెనకే కెమెరాలతో ఇద్దరు కుర్రాళ్ళు. ఆయన గట్టు దాకా నడిచి వచ్చి, కోటేశ్వరరావు గారికి నమస్కారం పెట్టి, తోటలోకి దిగడానికి ఒక కాలు ఎత్తారు. నేను నోరు తెరిచాను. భ్రమరాంబ గారు చెంబుతో అడ్డంగా ఒక అడుగు వేశారు.

మా ఇద్దరికన్నా ముందే కోటేశ్వరరావు గారు భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, మురళీధర్ గారి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. బూటు లేసు పట్టుకున్నారు.

"మీకెందుకండీ శ్రమ, ఉండండి. నేను విప్పుతాను."

మురళీధర్ గారు అదిరిపడి వెనక్కి జరిగారు. "అయ్యో, ఏంటండీ ఇది. లేవండి కోటేశ్వరరావు గారూ, లేవండి."

"పర్లేదండీ, పెద్దవారు."

"వద్దండీ, మీరు నాకన్నా వయసులో పెద్దవారు. లేవండి ముందు. నేనే విప్పుకుంటాను."

"వంగడం మీకు ఇబ్బందండీ" అంటూ కోటేశ్వరరావు గారు లేసు వదల్లేదు. మొహంలో వినయం తప్ప ఇంకేమీ లేదు. కెమెరా కుర్రాళ్ళు ముందుకు వచ్చారు.

మురళీధర్ గారు గబగబా గట్టు మీద కూలబడి, బూట్లూ మేజోళ్ళూ తనే లాగేసుకున్నారు. భ్రమరాంబ గారు ఆలస్యం చేయలేదు. పాదాలు, ప్యాంటు అంచులు, మోకాళ్ళు అన్నీ తడిపారు. అది చూసి కెమెరా కుర్రాళ్ళు కూడా చెప్పులు విప్పి, కాళ్ళు కడిగించుకోవడానికి వరసలో నిలబడ్డారు. ఆ తర్వాత కోటేశ్వరరావు గారు లేచి, తువ్వాలు దులుపుకుని, చేతులు కట్టుకుని, "రండి సార్" అన్నారు.

ఆయన రైతు. ఆయనకు నాలాగా గొడవ పడటం రాదు. మర్యాద ఒక్కటే వచ్చు. తోట పోబోయిందీ ఆ మర్యాద వల్లే, ఆ రోజు తోటను కాపాడుకున్నదీ దానితోనే. నా కాళ్ళ దగ్గర మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ కూర్చోలేదు. అది నేను అడగలేదు, చెబుతున్నాను అంతే.

మురళీధర్ గారు కొత్త వరసల దగ్గరకు నడిచారు. నరికిన అవిసె పుల్లలు పక్కన ఇంకా పడి ఉన్నాయి. రెండడుగులకోసారి ఆగి పాదం పట్టుకుని చూసుకున్నారు. చివరికి లేత తమలపాకు తీగ ముందు కూర్చుని, నిజంగానే ముచ్చటగా చూశారు. "ఆ ఫెర్ను వచ్చింది ఇక్కడేనా మేడం?"

"ఇక్కడే సార్."

"ఎలా వచ్చిందంటారు?"

కోటేశ్వరరావు గారు నా వైపు చూశారు. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలారు. నా కోసం కాదు, అతిథి కోసం. నేను చాలా కాలంగా ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

"మీ బూట్లతో సార్. మీరు మొదటిసారి వచ్చిన రోజు."

ఆయన తన వట్టి పాదాలు చూసుకున్నారు. తర్వాత తలెత్తి, ఎంతో మంచిగా, నొచ్చుకున్నట్టుగా అన్నారు.

"మరి ఆ రోజే చెప్పాల్సింది కదా మేడం."

భ్రమరాంబ గారు చెంబు కింద పెట్టేశారు. కోటేశ్వరరావు గారు అవిసె చెట్టు వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. రైతుల నమ్మకాన్ని గౌరవించి చెప్పులు లేకుండా ఆకుతోటలో నడిచిన అధికారి అని రాశారు. ఫొటో అంచున ఒక చెయ్యి ఉంది. గాజులను బట్టి అది నాదే.

పిల్లలూ, మీకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మొదటి రోజే చెప్పండి. వినకపోతే మళ్ళీ చెప్పండి. ఎప్పుడో ఒకరోజు వాళ్ళే మిమ్మల్ని, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అప్పుడు వాళ్ళ మొహం చూడకండి, కాళ్ళు చూడండి. కాళ్ళకు చెప్పులు లేకపోతే తోటకు ఏమీ కాదు, ఎవరు ముందు చెప్పారన్న వాదన వదిలేసి ఇంటికి రండి. నేను ఇప్పటికీ వదల్లేదు. అది నా స్వభావం. తోట మాత్రం బాగుంది.